ఎనిమిదేళ్లు తొందరపడిన అచ్చమాంబ గారు

ఈమధ్య ఆడవాళ్లు చరిత్రనీ సాహిత్యాన్నీ తమ కళ్లతో చదువుతామంటున్నారు. పోనీ చదువుకోనీండి అనుకుంటే అక్కడితో ఊరుకోరు, చదివాక ప్రశ్నలు వేస్తారు. మనం పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబులు తప్పంటారు. ఇప్పుడా మార్కులు ఎవరికి తిరిగివ్వాలి?

తెలుగులో తొలి కథ గురజాడ వారి 'దిద్దుబాటు', 1910. చివరి బెంచీలో కునికిపాట్లు పడేవాడు కూడా టక్కున చెబుతాడు. భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి' పత్రికలో వచ్చిందని వీళ్ల వాదన. వచ్చింది, కాదనం. కానీ ఎనిమిదేళ్లు ముందే రాయమని ఆవిణ్ణి ఎవరు తొందరపెట్టారు? పైగా అది గ్రాంథికం. తొలి కథ వాడుక భాషలోనే ఉండాలని నియమం. అది ఎప్పుడు పెట్టారని మాత్రం అడక్కండి. పందెం ఎవరు గెలవాలో తేలాక గీత గీస్తే చాలా సుఖం.

తమాషా ఏమిటంటే, రెండు కథల్లోనూ దారి తప్పిన మొగుణ్ణి దిద్దేది పెళ్లామే. అంటే దిద్దుబాటు 1902లోనే జరిగిపోయింది, రెండోసారి చెప్పాక మనకి వినపడింది. ఇళ్లల్లో మాత్రం ఎప్పుడు మొదటిసారే విన్నాం గనక!

ఆవిడ 1901లోనే స్త్రీల జీవితాలు సేకరించి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చువేయించారు, 1905లో కన్నుమూశారు. ఇంతకీ ఆవిడెవరంటే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్కగారు.

అచ్చమాంబ గారిది తొందరపాటు అనుకుంటే, ముద్దుపళనిది మరీ పెద్ద నేరం. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ఉంటూ 'రాధికా సాంత్వనము' కావ్యం రాసింది. శృంగారం! మన ప్రబంధ కవులు శృంగారం రాయలేదా అంటే, రాశారు. తిమ్మన గారి సత్యభామ ఏకంగా కృష్ణుడి తలే తన్నింది, ఆ పద్యం మనం క్లాసులో బట్టీ కూడా పట్టాం. కానీ అక్కడ కాలు సత్యభామది, కలం తిమ్మన గారిది. కలం కూడా ఆడదే పట్టుకుంటే ఇక మిగిలేదేముంది?

అందుకే పాత అచ్చులో ముద్దుపళని తన వంశం గురించి చెప్పుకున్న పద్యాలు తీసేశారు. వితంతువులకు పెళ్లిళ్లు చేయించిన వీరేశలింగం పంతులు గారంతటి సంస్కర్తకే ఇందులోని ఘట్టాలు ఆడవాళ్లు వినకూడనివిగా, ఆడదాని నోట రాకూడనివిగా తోచాయి. వెతికి వెతికి అసలు ప్రతి సంపాదించి, 1910లో పూర్తిగా అచ్చువేయించిన సంగీత విద్వాంసురాలు బెంగుళూరు నాగరత్నమ్మ గారు ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని పీఠికలోనే అడిగేశారు. అంతటితో ఆగకుండా పంతులు గారి సొంత రచనల్లోని శృంగారాన్ని కూడా ఎత్తి చూపారు. ఇది అన్యాయం. వాదనలో మన పుస్తకాలు మనకే చూపించడం మర్యాదస్తులు చేసే పని కాదు.

ఆ మరుసటేడు తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. మన నీతిని కాపాడాలన్న బెంగ ఆ దొరలకి ఎంతుందో చూడండి! ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఎత్తేసేదాకా ఆ నిషేధం పోలేదు.

ఇప్పుడు మాత్రం మనం చాలా మారాం. మొన్న ఒక సాహిత్య సభలో స్త్రీలకి ఏకంగా ఒక సెషన్ ఇచ్చారు, భోజనాలయ్యాక రెండున్నరకి. పెరుగన్నం తిన్న సభ కుర్చీల్లో వెనక్కి వాలింది. పొద్దున అధ్యక్షుల వారు తమ చిన్ననాటి ముచ్చట్లు గంటన్నర చెప్పడంతో, ఈ సెషన్ నలభై నిమిషాల నుంచి పావుగంటకి చిక్కింది. ఒకావిడ సరిగ్గా ముద్దుపళని పద్యం మధ్యలో ఉండగా నిర్వాహకులు ఒక చీటీ అందించారు. 'అమ్మా, ముగించగలరు. టీ చల్లారిపోతోంది.'

ఆవిడ ఆ చీటీని కూడా మైకులోనే చదివారు, పద్యం చదువుతున్న రాగంలోనే.