రెసిన్‌లో ఏ రంగు కలపాలి?

(తిరుపతిలో ఒక అక్కా తమ్ముడూ అచ్చులో పోస్తే గట్టిపడే రెసిన్ ద్రవంతో కీచైన్లు చేసి గోవిందరాజస్వామి గుడి దగ్గరి కొట్లకు వేస్తుంటారు. మామూలు అక్రిలిక్ పెయింట్ కలిపితే చాలని తమ్ముడి వాదన. కుదరదని అక్క.)

తమ్ముడు: ట్యూబు రంగు ఏ స్టేషనరీ కొట్లో అడిగినా దొరుకుతుంది, చవక కూడా. రెసిన్ కోసమని అమ్మే పేస్టుకి అంత డబ్బు ఎందుకక్కా?

అక్క: ఆ ట్యూబులో నీళ్లున్నాయి రా. మనం వాడే ఎపాక్సీ రకం రెసిన్ ఆరి గట్టిపడేది కాదు. రెసిన్, హార్డెనర్ రసాయనికంగా కలిసి గట్టిపడతాయి. మధ్యలో నీళ్లు చేరితే ముక్క మసకబారుతుంది, మెత్తగా ఉండిపోతుంది. మే నెలలో మన ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలబెట్టిన బండికి వేలాడే వస్తువు అది. సరిగ్గా గట్టిపడిన రెసినే ఆ వేడికి కాస్త మెత్తబడుతుంది, ఇక ఇదేం నిలుస్తుంది?

తమ్ముడు: ఎక్కువ పోస్తే కదా! రెండు చుక్కలకి ఏమీ కాదు. చాలామంది అలాగే చేస్తున్నారు.

అక్క: రెండు చుక్కలకి లేత రంగే వస్తుంది. నీకు కావలసింది తిరునామం తెలుపు. చిక్కదనం కోసం ఇంకాస్త, ఇంకాస్త అంటూ పోస్తావు. టైటానియం డయాక్సైడ్ ఉన్న తెల్ల పేస్టయితే కొంచెమే సరిపోతుంది. అదైనా 100 గ్రాముల మిశ్రమానికి ఐదారు గ్రాములు దాటొద్దు. హార్డెనర్ కొలిచేటప్పుడు రంగు బరువు లెక్కలోకి తీసుకోవద్దు.

తమ్ముడు: మరి మెరుపునిచ్చే మైకా పొడి? నీళ్లు లేవు, అయినా అడుక్కి దిగిపోతోంది. దానికన్నా ఇంట్లో పసుపే నయం.

అక్క: పసుపు మాత్రం వద్దు. బట్టకంటిన పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం చూళ్లేదా? ఎరుపుకీ పసుపుకీ ఐరన్ ఆక్సైడ్ పొడులున్నాయి, ఎండకి తట్టుకుంటాయి. మైకా అంటావా, రెసిన్ పల్చగా ఉండగానే పోసేస్తున్నావు. కాస్త చిక్కబడనీ.

తమ్ముడు: ఈ వేడికి ఆగితే గిన్నెలోనే గడ్డకడుతుంది!

అక్క: అందుకే రంగు ముందు రెసిన్‌లో కలిపి ఉంచుకో, హార్డెనర్ చివర్లో. ఒకేసారి గిన్నెడు కలపకు. ఎక్కువ కలిపితే దాని వేడికి అదే త్వరగా గట్టిపడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోసుకో.

తమ్ముడు: అయితే నా ట్యూబులన్నీ పారెయ్యనా?

అక్క: ఎందుకు? గట్టిపడిన ముక్క వెనకవైపు గరుకు కాగితంతో రుద్ది, అక్రిలిక్ అక్కడ వెయ్యి. పూర్తిగా ఆరాక పైన సన్నగా రెసిన్ పోస్తే గీతలు పడవు.

తమ్ముడు: మళ్లీ ఖర్చే కదక్కా! కొట్టాయన ఒక్క రూపాయి ఎక్కువిస్తాడా?

అక్క: ఇవ్వడు. రంగు పోయిన సరుకు వెనక్కి పంపడం మాత్రం మానేస్తాడు.