మారిషస్‌లో వెజ్ వాళ్లకు బ్రెడ్డు ముక్కే గతా?

మారిషస్‌కు టికెట్లు బుక్ చేసుకున్న శాకాహారులకు ఎవరో ఒకరు ఈ మెసేజ్ పంపిస్తారు: "అది సముద్రం మధ్య దీవి, అంతా చేపలూ రొయ్యలే. వెజ్ అంటే బ్రెడ్డూ ఫ్రెంచ్ ఫ్రైసే. వెజ్ అని చెప్పినా చేప తెచ్చిపెడతారు. ఇండియన్ రెస్టారెంట్లే దిక్కు, అక్కడ బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. రైస్ కుక్కర్, బియ్యం, పప్పు, పొడులు అన్నీ పట్టుకెళ్లండి." ఇందులో ఒక్క మాటకు మాత్రం ఆధారం ఉంది. మిగతావి రిసార్ట్ గేటు దాటనివాళ్ల అనుభవాలు.

మొదటిది, దీవి కాబట్టి అంతా చేపలే అన్నది. సముద్రం చుట్టూ ఉన్నమాట నిజమే, కానీ తిండి మనుషులను బట్టి కదా వచ్చేది. 1834 నుంచి చెరకు తోటల్లో పని కోసం బిహార్ నుంచీ, తమిళ ప్రాంతాల నుంచీ, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు మీదుగా మన వైపు నుంచీ కూలీలను లక్షల్లో తీసుకెళ్లారు. ఈరోజు అక్కడి జనాభాలో దాదాపు సగం మంది హిందువులు. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశం అది. పూజలప్పుడు, ఉపవాసాలప్పుడు నీచు ముట్టని ఇళ్లు ఊరూరా ఉన్నాయి. అలాంటిచోట శాకాహార వంట లేదనడం ఏమిటి?

ఇక బ్రెడ్డు, ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి. మారిషస్‌లో జనం ఎక్కువగా తినే వీధి తిండి ధోల్ పురి. అది పూర్తిగా వెజ్. శనగపప్పును పసుపు వేసి ఉడికించి, నీరు వంచేసి, పొడిపొడిగా రుబ్బుతారు. దాన్ని మైదా ముద్దలో పెట్టి పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి, కాకపోతే ఇంకా పల్చన, ఇంకా మెత్తన. రెండేసి పేర్చి, మధ్యలో పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటాతో చేసే రుగాయ్, కొత్తిమీర పచ్చడి, అడిగితే పచ్చిమిర్చి ముద్ద వేసి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. నిలబడే తినాలి, మోచేతి దాకా కారుతుంది. రోజ్ హిల్‌లో 'దేవా' దుకాణం దీనికి బాగా పేరున్నది. ఒక్కటే ఇబ్బంది: ఇది పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా దొరికే తిండి. రాత్రి ఎనిమిదింటికి రాజధాని పోర్ట్ లూయిస్‌లో తిరిగితే బండ్లూ ఉండవు, మనుషులూ పెద్దగా ఉండరు. ఆ మెసేజ్ రాసినాయన ఆ వేళకు వెతికి ఉంటాడని నా అనుమానం.

గాటో పిమాఁ అని ఇంకొకటుంది. నానబెట్టిన పప్పును బరకగా రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు, కొత్తిమీర కలిపి, ఉండలు చేసి నూనెలో వేయించడం. ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. పొద్దున్నే వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని తింటారు. కాబట్టి బ్రెడ్డు తిన్నామని ఎవరైనా ఏడిస్తే, అందులో ఇది పెట్టించుకోలేదేమని అడగాలి. పెళ్లిళ్లలో, పండగల్లో అయితే అరటాకు వేసి ఏడు కూరలు వడ్డిస్తారు: గుమ్మడి, అరటికాయ, పనస, వంకాయ, చిక్కుడు గింజలు, ఆకుకూర ఇలా. దాన్ని 'సెత్ కారీ' అంటారు. పక్కన చారు కూడా ఉంటుంది.

వెజ్ అన్నా చేప పెడతారన్నదే ఆధారం ఉన్న మాట. కొన్ని క్రియోల్ హోటళ్లలో, అంటే అక్కడి స్థానిక వంట చేసేచోట, మేం మాంసం తినము అంటే, అయితే చేప తేనా అంటారు. వాళ్ల లెక్కలో చేప వేరు, మాంసం వేరు. ఇందులో మోసమేమీ లేదు. అక్కడి క్రియోల్ భాషలో "పా మాంజ్ లావియాన్, పా మాంజ్ ప్వాసోన్" అని రెండూ చెబితే సరిపోతుంది: మాంసం తినను, చేప తినను. గుడ్డు తినకపోతే అదీ విడిగా చెప్పాలి. అసలు జాగ్రత్త పడాల్సింది చైనా వంటకాల దగ్గర. సీమ వంకాయతో చేసే ఉండలు చూడ్డానికి పూర్తిగా కూరగాయలే, కానీ చాలాచోట్ల లోపల ఎండు రొయ్యలు పడతాయి. వేయించిన నూడుల్స్‌లో ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్ ఉండొచ్చు. వీధి బండి మీద సమోసాలు వేయించిన నూనెలోనే గాటో పిమాఁ వేస్తున్నారేమో కూడా చూసుకోండి, ఆ సమోసాల్లో మాంసం ఉండొచ్చు.

ఇండియన్ రెస్టారెంట్లే దిక్కన్నది తప్పు. గ్రాండ్ బే లాంటి టూరిస్టు ఊళ్లలో వాటి బిల్లు ఎక్కువే, పైగా తినేది మళ్లీ పనీర్ బటర్ మసాలా. అక్కడి రూపాయి విలువ మన రూపాయికి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మెనూలో అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది కూడా. దాని బదులు మామూలు క్రియోల్ హోటల్‌కు వెళ్లి, మెయిన్ డిష్ మానేసి, పక్కన పెట్టేవే భోజనంగా అడగండి: అన్నం, నల్ల పప్పు, వెల్లుల్లి వేసి మగ్గించిన ఆకుకూర, టమాటా పచ్చడి, ఆవపిండి పెట్టిన కూరగాయల ఆచార్. వేరుగా ఆర్డర్ చేస్తే ఇవ్వనివాళ్లు తక్కువ. ఆకుకూరను పులుసులా చేస్తే మాత్రం ఎండు రొయ్యలు వేశారా అని అడగండి. ఆ ఆకుకూరల్లో మునగాకు కూడా ఒకటి.

మధ్యాహ్నం దాహమేస్తే పోర్ట్ లూయిస్ సెంట్రల్ మార్కెట్‌లో అలూదా తాగండి. పాలు, సబ్జా గింజలు, అగర్ ముక్కలు. అగర్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, జెలటిన్ కాదు.

రైస్ కుక్కర్ మోయాలా? వంటగది ఉన్న విల్లా తీసుకుంటే బియ్యం, కందిపప్పు, మసాలాలు అక్కడి సూపర్ మార్కెట్లలోనే ఉంటాయి. ఫ్లాక్ ఊరి ఆదివారం సంతలో బెండ, బీర, కాకర, వంకాయ కుప్పలు పోసి అమ్ముతారు. పచ్చి కూరలు, పళ్లు, కరివేపాకు ఇక్కడి నుంచి పట్టుకెళ్తే పర్మిట్ లేదని ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదనుకుంటే ఒక్క సీసా తీసుకెళ్లండి, చెక్-ఇన్ బ్యాగులో, మూత చుట్టూ టేపు వేసి.