ఎనిమిదో బోల్టు

మా మామగారి లేత్ మిషన్, అంటే ఇనుముని గిర్రున తిప్పుతూ కోసే యంత్రం, ఆయన పోయినప్పటి నుంచీ పెరటి రేకుల షెడ్డులో తుప్పు పడుతోంది. ఆ ఇంట్లోనే ఉంటున్నాం, పైగా రిటైరయ్యాను, దాన్ని బాగుచేద్దామని పూనుకున్నాను. వారం రోజులు కిరోసిన్ పోసి తోమాక తేలిందేమిటంటే, కోసే పనిముట్టుని బిగించి పట్టుకునే దిమ్మకి, అదే టూల్‌పోస్టుకి, ఎనిమిది కన్నాలు, బోల్టులు ఏడు. ఎనిమిదో కన్నంలో బూడిదలాంటిదేదో గట్టిపడి ఉంటే పిన్నీసుతో గోకి తీసేశాను.

ఏడింటితోనూ పని నడుస్తుంది, నిజమే. కానీ ముందు పన్ను ఊడిన నోటిలా, కన్ను ఎప్పుడూ అక్కడికే పోయేది.

విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. "శాంపిల్ తెచ్చారా సార్?" అన్నాడు కొట్లో కుర్రాడు. బోల్టు కొనడానికి ఇంకో బోల్టు మోసుకురావాలా, స్కేలుతో కొలిచానయ్యా అన్నాను. పన్నెండు ఎమ్మెమ్ ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే, అన్నయ్య చొక్కాలో తమ్ముడిలా అటూ ఇటూ ఊగింది. అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు శాంపిల్ పట్టుకెళ్లాను. కుర్రాడు అరంగుళం బోల్టొకటి తీసి పక్కన పెట్టి "సేమ్ టు సేమ్" అన్నాడు. నాకూ అలాగే కనిపించింది. ఇంటికొచ్చి బిగిస్తే రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. కొత్తది గదా, కొత్తల్లుడిలా కాస్త బిగుసుకుంటుందిలే అని పానాకి గొట్టం తొడిగి లాగాను. టప్! తల నా చేతిలో, మొండెం కన్నంలో.

టూల్‌పోస్టు సంచిలో వేసుకుని లేత్ షాపుకి పరిగెత్తాను. మేస్త్రి మర చుట్లు కొలిచే థ్రెడ్ గేజ్ పెట్టి చూసి, "ఇది విట్‌వర్త్ మరండీ, అంగుళానికి పన్నెండు చుట్లు. మీరెక్కించింది పదమూడుది" అన్నాడు. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషాయన, ఫ్యాక్టరీకో రకంగా ఉన్న మరలన్నీ ఒకటి చేద్దామని 55 డిగ్రీల కోణంతో ఈ కొలతలు పెట్టాడు. తర్వాత అమెరికా వాళ్లు 60 డిగ్రీలన్నారు. ఆ తగాదా అన్ని సముద్రాలు దాటొచ్చి మా పెరట్లో తేలింది.

"ముక్క తీసి కొత్త బోల్టు కోయాలి. ఇంట్లో లేత్ ఏమైనా ఉందాండీ?"

"ఇది ఆ లేత్‌దే."

నవ్వలేదు, పెద్దమనిషి. ముక్క తీసి, ఇనుప కడ్డీ మీద పన్నెండు లెక్కన మర కోసి నాలుగొందలు తీసుకున్నాడు.

ఎనిమిదో బోల్టు నూనె రాసినట్టు దిగింది. మా ఆవిడని పిలిచి చూపించాను.

"అయ్యో, ఆ కన్నం మూసేశారేంటండీ? పొద్దున్నే మిషన్ వేసే ముందు నాన్న అందులోనే అగరొత్తి గుచ్చేవారు. అందుకోసమే బోల్టు తీసేశారు."

"మరి ఆ బోల్టేదీ?"

"పెరటి తలుపు గడియకి పెట్టారుగా. రోజూ రాత్రి వేసేది మీరేగా!"