మన గోల్ఫ్ పోటీకి పాలపళ్ల విభాగం ఎక్కడ?

ఉగాది సంబరాల్లో పెట్టిన జిల్లాల గోల్ఫ్ పోటీలో కర్నూలు, అనంతపురం, కడప జట్లన్నిటినీ బ్లూ టీల (మొదటి దెబ్బ కొట్టే దూరపు స్థానాల) నుంచే ఆడమన్నారు. గుంతకు దగ్గరగా ఉండే ముందు టీల నుంచి ఆడతామన్న పెద్దలకూ ఆడవాళ్లకూ "ఆడుకోండి, కానీ బహుమతుల లెక్కలోకి రారు" అని జవాబు వచ్చింది. దుడ్లు కట్టి వచ్చినవాళ్లను ఆటలో అరటిపండును చేశారు. తొమ్మిది హోల్స్ (గుంతలు) కాగానే బ్యాగులు సర్దుకుని పోయినవాళ్లున్నారు.

సీమలో ఏ తిరునాళ్లకైనా పోయి చూడండి. బండలాగుడు పోటీల్లో ఇంకా పాలపళ్లు ఊడని కోడెలకు ఒక బండ, రెండు పళ్లవాటికి ఇంకొకటి, సీనియర్ ఎద్దులకు అన్నిటికన్నా బరువైనది. పాలపళ్ల జతను సీనియర్ బండకు కడితే ఊరు ఊరుకోదు. ఆ విభాగంలో గెలిచిన జతను తక్కువచేసి మాట్లాడేవాడూ ఉండడు. ఆ పద్ధతి చూస్తూ పెరిగినవాళ్లమే ఇక్కడ అరవై ఐదేళ్ల మనిషిని 6,600 గజాల కోర్సుకు కడుతున్నాం.

2011లో అమెరికా గోల్ఫ్ సంస్థలు యూఎస్‌జీఏ, పీజీఏ కలిసి చెప్పిన కొలత ఇది: డ్రైవర్‌తో (దూరం కొట్టే కర్రతో) 200 గజాలు కొట్టేవారికి 5,200 నుంచి 5,400 గజాల కోర్సు, 250 కొట్టేవారికి 6,200 నుంచి 6,400. మనవాళ్లలో చాలామంది ఈ రెంటికీ నడుమ ఉంటారు. వాళ్లకు బ్లూ మరీ దూరం, దానికి ముందుండే వైట్ మరీ దగ్గర. కొన్ని హోల్స్ బ్లూ నుంచి, కొన్ని వైట్ నుంచి ఆడించే కాంబో టీ వాళ్ల కోసమే. నీళ్లు దాటించాల్సిన హోల్స్, రెండో దెబ్బకు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) అందని పొడవైన పార్ 4లు (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్స్) వైట్ నుంచి. పొట్టి పార్ 4లు, పార్ 3లు బ్లూ నుంచి.

"ముందు నుంచి కొడితే గెలుపు తేలికే కదా" అనేవారి భయం అర్థం లేనిది కాదు. దానికి జవాబు హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే దెబ్బల రాయితీ) లెక్కలోనే ఉంది. ఇండెక్స్‌ను (ఆటగాడి స్థాయి అంకెను) ఆ టీ స్లోప్‌తో (మామూలు ఆటగాళ్లకు అది ఎంత కష్టమో చెప్పే అంకెతో) గుణించి, ప్రామాణిక స్లోప్ అయిన 113తో భాగించాలి. కోర్స్ రేటింగ్‌లోంచి (నిపుణుడికి పట్టే దెబ్బల అంచనాలోంచి) మొత్తం పార్ తీసేసి, వచ్చినదాన్ని కలపాలి. ఇండెక్స్ 18, పార్ 72 అనుకోండి. బ్లూ రేటింగ్ 72.1, స్లోప్ 131 అయితే స్కోరులోంచి తీసేసుకోడానికి 21 స్ట్రోకులు (దెబ్బలు) వస్తాయి. కాంబో 70.8, 127 అయితే 19. వైట్ 69.6, 122 అయితే 17. ముందుకు జరిగినవాడు ఆ మేరకు స్ట్రోకులు వదులుకుంటూనే ఉన్నాడు.

కమిటీలు తప్పేది ఇక్కడే. 2020కి ముందు అమెరికాలో రెండు టీల రేటింగ్ తేడాను విడిగా సర్దేవాళ్లు. ఇప్పుడది సూత్రంలోనే ఉంది. మళ్లీ సర్దితే ముందు టీ వాళ్లకు రెండుసార్లు కోత పడుతుంది. పార్ వేరైతే మాత్రం స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కించే పోటీలో) ఎక్కువ పార్ ఉన్న టీ వాళ్లకు ఆ తేడా కలపాలి. ప్రతి హోల్‌కూ పార్‌ను బట్టి పాయింట్లు ఇచ్చే స్టేబుల్‌ఫోర్డ్‌లో అదీ అక్కర్లేదు. ఆడవాళ్లకు మగవాళ్ల రేటింగ్ వాడటం ఇంకా పెద్ద తప్పు. ఒకే టీకి ఇద్దరికీ రేటింగ్, స్లోప్ వేరువేరుగా ఉంటాయి.

కాంబోలో అసలు ప్రమాదం తప్పు టీ మీద నిలబడటం. స్ట్రోక్ ప్లేలో దానికి రెండు స్ట్రోకుల శిక్ష పడుతుంది, సరైన టీ నుంచి మళ్లీ కొట్టాలి. అలా సరిదిద్దుకోకుండా తరువాతి హోల్ మొదలుపెడితే అనర్హతే. ఏ హోల్‌కు ఏ రంగో స్కోర్‌కార్డు మీద అచ్చువేయాలి. నోటిమాటగా చెబితే ఏడో హోల్ దాకా కూడా గుర్తుండదు.

కమిటీ పెద్దలకు నా మనవి. వచ్చే పోటీకి కోర్సువాళ్లను కాంబోకు రేటింగ్ ఉందా అని ముందే అడగండి. ఆడవాళ్ల రేటింగ్ కూడా తీసుకోండి. రేటింగ్ లేకుంటే రాష్ట్ర గోల్ఫ్ సంఘాన్ని కదిలించండి. నెట్ (హ్యాండిక్యాప్ తీసేసిన స్కోరు) బహుమతి ఒక్కటే పెట్టి అన్ని టీల వాళ్లనూ అందులో కలపండి. గ్రాస్ (తీసివేత లేని స్కోరు) బహుమతి బ్లూ టీలవాళ్లకే ఉంచండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.