పద్నాలుగు గోళ్ల పరిపాలన

గినీ పిగ్‌ని పెంచుకుంటున్నామని గొప్పగా చెప్పుకునే ప్రతి మనిషీ నెలకోసారి దాని కాళ్లు పట్టుకుంటాడు. ఇది అలంకారం కాదు, పరిపాలనా విధానం. ముందు కాళ్లకు నాలుగేసి, వెనక కాళ్లకు మూడేసి, మొత్తం 14 గోళ్లు. అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. మెత్తటి పరుపు మీద తిరిగే జీవికి అవి అరిగే దారి లేదు. కాబట్టి ఎవరో ఒకరు కత్తిరించాలి. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం ఏ ఇంట్లోనూ ఒక పట్టాన తేలదు.

పని పంచుకోవడం మాటల్లో తేలికే. ఒకరు పట్టుకుంటారు, ఒకరు కత్తిరిస్తారు, ఇంకొకరు టార్చ్ వేస్తారు. నాలుగో మనిషిని ఎవరూ పిలవరు, అయినా వస్తాడు. అతని పని "జాగ్రత్త, జాగ్రత్త" అనడం. అదీ సరిగ్గా కట్టర్ నొక్కే క్షణంలోనే అంటాడు. ఇంతవరకు జరిగిన రక్తపాతంలో కట్టర్ వాటా ఎంత, ఆ మాట వాటా ఎంత అన్నదాని మీద విచారణ జరిపించాలని మా డిమాండ్.

ఇక ప్రోటోకాల్. దాన్ని వెల్లకిలా పడేసి పట్టుకోకూడదు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద ఉండాలి. ఎత్తు మీంచి దూకితే ఎముకలు విరుగుతాయి గనక అందరూ నేల మీదే కూర్చోవాలి. కిలో అటూ ఇటూగా తూగే ప్రాణి ముందు ఇంటిల్లిపాదీ నేల మీద, అది మాత్రం టవల్ కప్పుకుని ఒళ్లో. ఎవరు ఎవర్ని పెంచుకుంటున్నారన్న ప్రశ్న ఇక్కడ అడగకపోవడమే మంచిది.

అసలు చిక్కు గోరు లోపల ఉంది. తెల్ల గోరును వెలుతురులో చూస్తే మధ్యలో గులాబీ రంగు గీత కనిపిస్తుంది. రక్తనాళం, నరం ఉండేది అక్కడే. దానికి కాస్త ఇవతల, కొస వైపున్న ముక్క మాత్రమే మనది. నల్ల గోళ్లకు పారదర్శకత అంటే గిట్టదు. కింద నుంచి టార్చ్ వేస్తే కొన్ని నిజం చెబుతాయి, కొన్ని ససేమిరా అంటాయి. చెప్పని వాటికి కొస మాత్రం గిల్లినట్టు తీసి ఊరుకోవాలి. పొరపాటున గీత తెగిందా, రక్తం చుక్క కట్టి నిలబడుతుంది. కార్న్ ఫ్లోర్ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుంటే మామూలుగా ఆగిపోతుంది. ఆ ప్రాణి కాసేపటికి గడ్డి నములుకుంటూ తన పనిలో పడుతుంది. కత్తిరించిన మనిషికే ఆ రాత్రంతా టెన్షన్.

కేక సంగతి వేరు. కట్టర్ ఇంకా గోరుకు తగలకముందే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది. (ఫ్రిజ్ తలుపు తీసినప్పుడూ అలాగే అరుస్తుంది. కాబట్టి సాక్ష్యంగా చెల్లదు.)

ఈ కేకకు జడిసి "వచ్చే ఆదివారం చూద్దాం" అనేవాళ్ల పార్టీకి ప్రతి ఇంట్లోనూ మెజారిటీ ఉంటుంది. గోళ్లకు ఆదివారం సెలవు లేదు. అవి సాగి, పక్కకు వంగి, చివరికి అరికాల్లోకే గుచ్చుకుంటాయి. పాదం పుండు పడితే ఆ తర్వాత కథ డాక్టర్ చేతిలోకి వెళుతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే, అక్షరాలా. ఇంకో విశేషం, గోరు సాగితే లోపలి గీత కూడా సాగుతుంది. అప్పుడిక ఒక్కసారిగా పొట్టి చేయడం కుదరదు. ప్రతి వారం పదిరోజులకీ కొంచెం కొంచెంగా కోస్తూ పోతేనే ఆ గీత మెల్లగా వెనక్కి తగ్గుతుంది. ఒక్క ఆదివారం తప్పించుకున్నవాడికి నెలల తరబడి కిస్తీలు.

అందుకే మా సిఫారసు: ఒక్క పూటలో పద్నాలుగూ తీస్తానని ఎవరూ శపథం చేయొద్దు. రోజుకు రెండు గోళ్లు చాలు. దానికి తోడు లంచం తప్పనిసరి, క్యాప్సికమ్ ముక్క అయితే శ్రేష్ఠం. దాని ఒంట్లో విటమిన్ సి తయారు కాదు గనక ఈ లంచానికి వైద్యపరమైన సమర్థన కూడా ఉంది. ముందే ఇస్తే తినేసి కాలు లాక్కుంటుంది. పనయ్యాక ఇస్తామంటే నమ్మదు. పని జరుగుతున్నంతసేపూ ముక్క నోట్లో ఉండాలి, అది అయిపోయిన చోట కట్టర్ ఆగాలి. మూడో గోరు ఊసెత్తాలంటే ఇంకో ముక్క కోసుకుని రావాలి.