మెరుపు చూసి పూత ఎంచుకోవద్దు

ఇంట్లో అల్మరాలకు, వంటగది తలుపులకు ఏ ఫినిష్ వేయించాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చంతా రంగు, మెరుపు, ధరల చుట్టూనే తిరగడం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. అరచేయంత నమూనా ముక్కను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, ఏళ్ల తరబడి వాడబోయే వస్తువు గురించి నిర్ణయం తీసేసుకుంటున్నాం. ఈ పూత మీద గీత పడితే, మరక పడితే, అంచు లేస్తే బాగుచేసుకునే మార్గం ఉందా అన్నదే అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం.

స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పొర మీద పొరగా రుద్దే పాత పద్ధతిని ఇప్పుడు చాలామంది కాలం చెల్లినదిగా చూస్తున్నారు. కానీ అందులో కొత్త పొర పాత పొరను కొద్దిగా కరిగించి దానిలోనే కలిసిపోతుంది కాబట్టి, ఎన్నేళ్ల తరువాతైనా మాసిన చోటును అతుకు కనిపించకుండా సరిచేయవచ్చు. వేడి గిన్నె పెడితే అది మెత్తబడుతుంది, తడి గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది. కనుక వంటగదికి పనికిరాదు గాని, పుస్తకాల బీరువాకు నేను దానినే ఎంచుకుంటాను.

రెండు భాగాలు కలిపి వేసే పి.యు. (పాలీయురెథేన్) పాలిష్ రసాయన చర్యతో గట్టిపడుతుంది. తడిని, మరకలను బాగా తట్టుకుంటుంది. అయితే అలా గట్టిపడిన పొర మళ్లీ కరగదు కాబట్టి కొత్త కోటు దానిలో కలవదు. పట్టు దొరకాలంటే పైభాగాన్ని సాండ్‌పేపర్‌తో గరుకు చేయాలి, ఒక్కచోటే సరిచేస్తే అతుకు తెలుస్తుంది, చివరకు తలుపు మొత్తానికీ మళ్లీ కోటు వేయవలసి వస్తుంది. అద్దంలా మెరిసే పూత మీద సన్నని గీత కూడా దూరం నుంచే కనబడుతుందని, మెరుపు లేని మ్యాట్ పూత మీద అంతగా కనబడదని కొనేముందే చెప్పేవారు ఉంటే ఎంత బాగుండును!

మనం సన్‌మైకా అని పిలుచుకునే లామినేట్ అసలు కలపే కాదు. ఫినాలిక్ రెజిన్ అనే, వేడికి గట్టిపడే జిగురు పట్టించిన కాగితపు పొరల మీద, మెలమైన్ రెజిన్ పట్టించిన, డిజైన్ అచ్చువేసిన కాగితాన్ని ఉంచి, వేడితో, ఒత్తిడితో అదిమి తయారుచేస్తారు. ఇలాంటి పలకలను 1912లో విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులుగా వాడేందుకు రూపొందించారు. రోజువారీ వాడకానికి ఇంత గట్టి పైపొర మరొకటి లేదని ఒప్పుకుంటాను. కానీ లోతుగా గీత పడితే కింద ఉన్న గోధుమరంగు కాగితం బయటపడుతుంది, దాన్ని రుద్ది సరిచేయడం సాధ్యం కాదు. ప్లైవుడ్ మీద అతికించే పల్చని చెక్క పొర అయిన వెనీర్ నిజమైన కలపే అయినా సాధారణంగా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ మందమే ఉంటుంది. సాండ్‌పేపర్ కాస్త ఎక్కువ తగిలితే అడుగున ఉన్న ప్లైవుడ్ తేలుతుంది.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది కంటికి కనబడని వైపు జరిగే నిర్లక్ష్యం. ముందువైపు ఖరీదైన పూత వేసి వెనకవైపు వట్టిగా వదిలేస్తే, రెండు వైపులా తేమ పీల్చుకునే వేగం వేరువేరుగా ఉండి తలుపు వంగుతుంది. సింకు కింది అల్మరాలో అంచులు మూయకపోతే నీరు అక్కడి నుంచే లోపలికి చేరి, చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన ఎం.డి.ఎఫ్. పలక అయితే ఉబ్బిపోతుంది. మూయని అంచుల నుంచి, జిగురులోని ఫార్మాల్డిహైడ్ ఆవిరి కూడా ఎక్కువగా వెలువడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దానిని మనుషులకు క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. అలాంటప్పుడు వెనకవైపు ఎవరు చూస్తారన్న మాటను నేను ఒప్పుకోలేను.

అవిసె నూనె పూత కోరుకునేవారికి ఒక హెచ్చరిక. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతూ వేడిని పుట్టిస్తుంది. తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే వాటంతట అవే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వాటిని నీళ్లలో ముంచాలి, లేదా విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

ఏ పూత ఎంచుకున్నా, ముందుగా అదే చెక్క ముక్క మీద అన్ని కోట్లూ వేయించి, పగటి వెలుతురులో చూసి, తడి గ్లాసు పెట్టి పరీక్షించండి. పని పూర్తయ్యాక వాడిన పాలిష్ రకం, షేడ్ నంబరు ఒక కాగితం మీద రాయించి అల్మరా లోపల అతికించుకోండి. పాత పూత ఏదో తెలియకపోతే, కొన్నేళ్ల తరువాత బాగుచేయడానికి వచ్చే వడ్రంగికి మొత్తం గీకేయడం తప్ప దారి ఉండదు.