సవరణ: మాట పోతే ఆలోచన పోయినట్టు కాదు

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో ఒక తప్పు ఉంది. బొబ్బిలి మావయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని చెబుతూ, "మెదడులో భాష, తర్కం ఒకేచోట ఉంటాయి, మాట పోతే ఆలోచన కూడా పోయినట్టే" అని రాసేశాను. అది తప్పు, కనుక్కోకుండా రాసింది నేనే. అది చదివి వీధిలో ఇద్దరు ముగ్గురు మావయ్య ముందే "ఆయనకేటీ తెలీదులే" అనడం మొదలెట్టారు, అందుకే ఈ సవరణ.

ఆయన్ని చూస్తున్న న్యూరో డాక్టరుగారు చెప్పింది, తర్వాత నేను చదివిన పరిశోధనల్లో ఉన్నది ఇదీ: ఇలా మాట దెబ్బతినడాన్ని అఫేసియా అంటారు. భాషని నడిపే భాగాలు చాలామందికి మెదడులో ఎడమవైపు ఉంటాయి, అవి బాగా దెబ్బతిన్నా లెక్కలు, తర్కం చేయగలిగిన రోగులున్నారు. 1861లో ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి నోట "టాన్" తప్ప దాదాపు ఇంకేమీ వచ్చేది కాదు, కానీ అంకెలడిగితే వేళ్లతో చూపించేవాడు. అందరికీ ఇలాగే ఉంటుందని కాదు, దెబ్బ ఎక్కడ ఎంత తగిలిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

అసలు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది, నేనే చూసుకోలేదు. నిన్న మావయ్యతో అరుగు మీద పులి-మేక ఆడితే "అదే... అదే" అంటూనే నా పులిని కదలకుండా కట్టేశాడు, పైగా అత్త తెచ్చిన కూరల చిల్లరలో పది రూపాయలు తక్కువని వేళ్లు చూపించి మరీ పట్టుకున్నాడు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా షేర్ చేయండి.